ఎమ్మావుసు దారి, ఆలూర్ దారి



లూకా సువార్త 24వ అధ్యాయంలో ఇద్దరు శిష్యులు యెరూషలేము నుండి ఎమ్మావుసుకు నడచి వెళ్తున్నారు. ఏడు మైళ్ళ దారి. నేటి లెక్కలో సుమారు 11 కిలోమీటర్లు. ఉత్థాన ప్రభువు వారితో కలసి నడిచాడు, వారు గుర్తుపట్టలేదు. అయినా ప్రొద్దు గుంకుతున్నదని ఆ బాటసారిని తమతో ఉండమని బ్రతిమాలారు. రొట్టె విరిచినప్పుడే వారి కన్నులు తెరువబడ్డాయి. గుర్రాల మీద దౌడు తీసి ఉంటే ఆ బాటసారి వారికి కలిసేవాడా?

ఆర్మూరు పక్కన ఆలూర్ వంటి మన పల్లెల్లో ఇప్పుడు నడిచేవాడంటే చిన్నచూపు. బండి కొనలేనివాడే నడుస్తాడని మన లెక్క. పూజకు సైకిలు మీద రావడానికి పదో తరగతి పిల్లవాడు సిగ్గుపడుతున్నాడు. ఏ ఇంట్లో జబ్బు ఉన్నదో, ఏ ముసలమ్మకు గల్ఫులోని కొడుకు కబురు రాక ఎన్నాళ్ళయిందో తెలియకుండానే దేవాలయం చేరుతున్నాం. బండి పొగ సంగతి అటుంచండి, నాకు దీని బాధే ఎక్కువ.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే కాలినడకన పోచంపల్లికి వచ్చారు. భూమిలేని దళిత కుటుంబాలవారు ఆయనను 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అక్కడ పుట్టింది. నడచి వచ్చినవాడి దగ్గరకు పేదవాడు జంకకుండా వెళ్ళగలడు. అదే ఊరిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడ చూడవలసినవి మేడలు కావు, మగ్గాలు.

మన దగ్గర చూపడానికి ఏముందంటారా? పసుపు లేదా? తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం... పట్నం పిల్లలు కూరలో పసుపు చూశారే గాని మట్టిలో కొమ్ము చూడలేదు. ఆర్మూరులో సిద్ధుల గుట్ట ఉంది, గోదావరి మీద శ్రీరాంసాగర్ ఉంది. అయితే కారులో వచ్చి, ఫొటో తీసుకుని, నీళ్ళ సీసా చేనులో విసిరిపోయే అతిథి వల్ల పల్లెకు మిగిలేది చెత్తే. సైకిలు మీద వచ్చినవాడు చెట్టు నీడన ఆగుతాడు, మంచినీళ్ళు అడుగుతాడు, ఆ ఇంట్లోనే కిలో పసుపు కొంటాడు. దివంగత ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో 'లౌదాతో సీ' లేఖలో ఈ భూమిని మన ఉమ్మడి ఇల్లు అన్నారు. ఆ ఇంట చెత్త వేయవద్దని అతిథికి చెప్పవలసింది ఇంటివారమైన మనమే.

జాతీయ రహదారి మీద పిల్లలను ఒంటరిగా పంపమని గాని, మిట్టమధ్యాహ్నపు ఎండలో నడవమని గాని నేను చెప్పడం లేదు. వచ్చే ఆదివారం దేవాలయానికి రెండు కిలోమీటర్ల లోపు ఉన్నవారు ఒక అరగంట ముందే కలసి బయలుదేరండి. బండిని ముసలివారికీ గర్భిణులకూ వదలండి. దారిలో మంచం పట్టినవారి గుమ్మం దగ్గర ఆగి పలకరించండి. వారు దివ్యసత్ప్రసాదం కోరితే పూజకు ముందే మీ విచారణ గురువుకు చెప్పండి.