రథము – రథికుడు

వాహనము భోగమా, సాధనమా? ఈ ప్రశ్న నేటిది కాదు. కఠోపనిషత్తు శరీరమును రథముగాను, ఆత్మను రథికునిగాను, బుద్ధిని సారథిగాను, మనస్సును పగ్గముగాను, ఇంద్రియములను గుఱ్ఱములుగాను నిరూపించినది. గుఱ్ఱముల వేగమును అది నిందింపలేదు. అవి అదుపు తప్పుటనే అనర్థమని తెలిపినది.

గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి, మిరప సీమలలో యువకులకు మోటారు సైకిలు ప్రాణసమానము. వారమంతయు దానిపై పొలమునకో కొలువునకో పోయి, ఆదివారము మిత్రులతో కూడి మంగళగిరికో, మార్కాపురము చెన్నకేశవస్వామి సన్నిధికో పోవుట వారికి వేడుక. దూరమును తగ్గించి దర్శనమును సులభము చేసిన వాహనము దూష్యమెట్లగును?

అయితే మాఘ ఫాల్గుణములలో ఆ త్రోవలు మిరపకోతకు పోవు కూలీలతోను, టిక్కీలు నింపుకొని గుంటూరు మిర్చి యార్డునకు సాగు ట్రాక్టర్లతోను నిండియుండును. వారి నడుమ ఒడలు మఱచి దూసికొనిపోయి, ఒక కూలితల్లిని భయకంపితను గావించి, పిమ్మట గుడిలో చేతులు జోడించినచో ఫలమేమి? ఆమె హృదయమున వసించువాడును ఆ స్వామియే కదా! అంతర్యామిని త్రోవలో అవమానించి అర్చామూర్తిని సేవించుట భక్తి యనిపించుకొనదు.

మంగళగిరి పానకాలస్వామి భక్తుడర్పించిన పానకమున సగము గ్రహించి, సగము ప్రసాదముగా విడుచునని ప్రసిద్ధి. యువకుడును తన ఉత్సాహమున సగము నిగ్రహరూపమున స్వామికి అర్పించినచో, మిగిలిన సగము ప్రసాదమై అతనిని క్షేమముగా ఇల్లు చేర్చును. శిరస్త్రాణధారణము 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధించిన నియమము. గడపలో ఎదురుచూచు తల్లి పట్ల అది పుత్రధర్మము. యాత్ర ఆ గడపయందే ఆరంభమగును, ఆ గడపయందే ముగియును.

బుద్ధి సారథియై నడచు యువకులెల్లరు శ్రీ నృసింహుని కృపకు పాత్రులగుదురు గాక!