లక్క ఎవరిది, పాట ఎవరిది?

పాత గ్రామఫోను రికార్డులను సేకరించి బాగుచేసేవారిని చూసి మనలో కొందరు నవ్వుతారు. గోదావరి గట్టున పాట పాడేవాడే నిలువనీడ లేక వలసపోతూంటే, వందేళ్ళ నాటి రికార్డుకు పట్టిన దుమ్ము తుడవటం తీరికవున్నవాళ్ళ ముచ్చట కాదా అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. కాని అవునని చెప్పి లేచిపోవటం తొందరపాటు.

ముందు ఆ రికార్డు దేనితో తయారయిందో చూద్దాం. ప్లాస్టిక్ రికార్డులు వచ్చేదాకా దానికి ప్రాణం లక్క. మోదుగ, రేగు కొమ్మలను పట్టిన లక్కపురుగు స్రవించే జిగురును గీకి తెచ్చినవారు ముఖ్యంగా ఛోటానాగపూరు అడవుల్లోని ఆదివాసులు. అందులో రాతిపొడి, మసి కలిపి రికార్డుగా అచ్చొత్తేవారు. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాడిన పాటా, 1913లో బెర్లిన్‌లో ఆర్థర్ నికిష్ నడిపిన బీథోవెన్ అయిదవ సింఫనీ ఆ లక్క మీదనే నిలిచినవి. 1942లో, యుద్ధకాలంలో, లక్కకు కరువు వచ్చి అమెరికాలో పాత రికార్డులను వెనక్కు తీసుకుని, పొడిచేసి కొత్తవి అచ్చొత్తారు. ఒక పాట బ్రతకటానికి ఇంకొక పాటను నూరారన్నమాట. కనుక మిగిలివున్న ప్రతి రికార్డులోనూ పాడినవాడి శ్రమే కాక అడవి శ్రమ కూడా వున్నది.

ఇక బాగుచేసేవాడి పని. రికార్డు కడగాలి, గాడికి తగిన ముల్లు వెతకాలి, వేగం తేల్చాలి. నిమిషానికి 78 చుట్లు అన్నది పేరుకే. తొలినాటి రికార్డులు అనేకం ఆ లెక్కకు నిలవవు. వేగం తప్పితే శ్రుతే మారిపోతుంది. ఆ తరువాత వచ్చేది అసలు చిక్కు. రాతిపొడి వల్లా, అరుగుదల వల్లా వచ్చే బరబర చప్పుడును తీసివేయాలి. అతిగా తీస్తే దానితోబాటు వయొలిన్ పదును కూడా పోతుంది. 1925లో విద్యుత్ రికార్డింగు రాకముందు వాద్యబృందమంతా ఒక కొమ్ము మూతి ముందు కిక్కిరిసి నిలబడి వాయించేది. బరువైన తీగవాద్యాల బదులు తరచు ట్యూబా అనే ఇత్తడి బూరను పెట్టేవారు. ఆనాడు లేని నిండుదనాన్ని ఈనాడు చేర్చితే అది బాగుచేయటం కాదు, దొంగసాక్ష్యం. ఏది నాదం, ఏది రొద అని నిర్ణయించటం చెవి పని మాత్రమే కాదు, నీతికి సంబంధించిన పని కూడా.

ఈ నిర్ణయం బాగుచేసేవాడి చేతికి రాకముందే ఇంకెవరో చేశారు. పది అంగుళాల రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు. బీథోవెన్ సింఫనీ అందులో పట్టదు. పట్టకపోతే ఎనిమిది ముఖాలుగా కోసి అమ్మారు. కొనేవాడు వున్నాడు గదా! మోదుగ మన భద్రాచలం అడవుల్లోనూ ఎర్రగా పూస్తుంది. ఆ అడవుల్లో కోయ డోలీలు పడిగె విప్పి, డోలు మీద సమ్మక్క సారలమ్మల వంశకథను గంటల తరబడి పాడతారు. దానిని కోయటానికి కత్తెర పట్టినవాడెవడు? అదే భద్రాచలం రామదాసు కీర్తనలను విజయవాడ రేడియో భక్తిరంజని ద్వారా బాలమురళీకృష్ణ ఇంటింటికీ చేర్చారు. సంతోషమే. కాని గుడి పాట నాదమయింది, గూడెం పాట రొదగా మిగిలింది. లక్క అడవిది, గొంతు మాత్రం అడవిది కాలేదు.

ఇది తప్పనిసరి కాదు. 1906 నుంచి హంగరీ పల్లెల్లో బార్తోక్, కొడాయ్ ఫోనోగ్రాఫు మోసుకుపోయి రైతుల పాటలను మైనపు గొట్టాల మీద ఎక్కించారు. ఎక్కించిన ప్రతి పాటా విన్నకొద్దీ అరిగిపోయేదే. అయినా ఎవరి గొంతు దాచదగినదో వారు అంగడిని అడగలేదు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలు మీద ఆ వంశకథలను పాడినవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశాడు. ఆయన గొంతు దాచటం మన బాధ్యత. కాని అంతటితో బాకీ తీరిందనుకోవటమే ప్రమాదం. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పోలవరం నీటి కింద పోయే కోయ, కొండరెడ్డి గూడేలు వాటిలో వున్నవి. పాటను పెట్టెలో భద్రపరచి, పాడే వూరిని నీట ముంచితే ఆ పెట్టెను ఏమనాలి? దానిని సంరక్షణ అనలేము.

కాబట్టి మొదటి ప్రశ్నకు మన జవాబు ఇది. రికార్డు సేకరణ తీరికవాళ్ళ ముచ్చటగా వుండనక్కరలేదు. బాకీ ఒప్పుకున్న చీటీగా వుండవచ్చు. పాడినవారి పేరు, భాష, గూడెం దాని మీద రాయాలి. ఒక ప్రతి ఆ గూడెం బడికి తిరిగి ఇవ్వాలి. దానివల్ల వచ్చే ఆదాయంలో వారి వాటా వారికి చేరాలి. ముఖ్యంగా, వినేవాడు ఆ చీటీనే చెల్లింపుగా పొరబడకూడదు. సెలవుల్లో భద్రాచలం వైపు పోయే విద్యార్థి జేబులో ఈనాడు పాట ఎక్కించే యంత్రం వుండనే వున్నది. దానిని బయటికి తీసేముందు అతడు అడగవలసినది ఒకటే: ఈ పాట రేపు కూడా ఈ నేల మీదనే వినిపించాలంటే నేను ఎవరి పక్షాన నిలబడాలి?