రాతిపువ్వు సాక్ష్యం

మొన్న ఆదివారం బిర్యానీకి మసాలా దినుసులు ఏరుతూ కూర్చున్నాను. బోటనీ చదువుతున్న మా అక్క కొడుకు పక్కన చేరి, ఎండిన రాతిపువ్వు ముక్కొకటి తీసి, "పిన్నీ, ఇది పువ్వు కాదు తెలుసా?" అన్నాడు. ఇన్నేళ్ళుగా పోపులో వేస్తున్నదాన్ని, నాకేం తెలుసు!

అది లైకెన్‌ట. నాచూ, శిలీంధ్రమూ కలిసి ఒకే ఒంటితో కాపురం చేస్తాయిట. వేళ్ళుండవు. తిండీ నీళ్ళూ చాలావరకు గాలినుంచీ, వానచినుకులనుంచీ రావలసిందే. మంచిదైనా, చెడ్డదైనా వచ్చింది పీల్చుకోవడమే తప్ప వద్దనలేదు. అందుకే గాలిలో గంధకపు పొగ పెరిగితే చాలా రకాల లైకెన్లు ముందుగా చచ్చిపోతాయి. 1866లోనే నైలాండర్ అనే శాస్త్రజ్ఞుడు పారిస్‌లో లక్సెంబర్గ్ తోట చెట్లమీద వీటిని చూసి, అక్కడి గాలి మంచిదనడానికి ఇవే గుర్తు అన్నాడు. ఆ శతాబ్దం ముగిసేలోగా ఆ తోటలోంచీ అవి మాయమయ్యాయి.

బ్రిటన్ బొగ్గుగనుల్లో కెనరీ పిట్టలదీ ఇదే ఉద్యోగం. వాసనలేని విషవాయువు తగిలి పిట్ట కూలబడితే, మనుషులు పైకి పరుగెత్తేవారు. 1986లో వాటి బదులు యంత్రాలు పెట్టాలని నిర్ణయించేదాకా ఇదే పద్ధతి.

విన్నప్పుడు మనసు చివుక్కుమంది. మన ప్రాణానికి మరో ప్రాణాన్ని కొలతబద్దగా పెట్టుకోవడం న్యాయమేనా?

"ఇప్పుడు యంత్రాలున్నాయిగా పిన్నీ!" అన్నాడు వాడు. గాలిని లాగి కాగితంలాంటి వడపోతగుండా పంపి, ఆ కాగితాన్ని ముందూ వెనకా తూచి, ఎంత దుమ్ము పట్టిందో లెక్క కడతారుట. మన దేశంలో 2009లో పెట్టిన ప్రమాణం ప్రకారం, 10 మైక్రాన్లలోపు ధూళి రోజు సగటున ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటకూడదుట.

హమ్మయ్య అనుకున్నాను. కాని మర్నాడు తెల్లవారుజామున తులసికోట దగ్గర ఆకులమీది దుమ్ము కడుగుతుంటే, వీధిలో దగ్గు వినిపించింది. మా వీధి ఊడ్చే ఆవిడ. ఆ దగ్గు నాకు కొత్తకాదు. రోజూ వింటున్నదే. తులసి ఆకు మాసిందని మావారితో ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఈ దగ్గు గురించి ఒక్కనాడైనా మాట్లాడానా?

గేటు తీసి, "ఎన్నాళ్ళనుంచమ్మా ఈ దగ్గు?" అన్నాను.

"మీ వీధికి వేసినకాడినుంచేనమ్మగారూ," అంది నవ్వుతూ.

ఆ నవ్వుకి నాకు తలెత్తబుద్ధి కాలేదు. పిట్టని పంజరంలో పెట్టిన గని మనిషిని తప్పుపట్టానే, అతను పిట్ట పడిపోగానే కదిలేవాడు. పైగా కొన్ని పంజరాలకి చిన్న ఆక్సిజన్ సీసా కూడా వుండేదిట, సొమ్మసిల్లిన పిట్టకి ఊపిరి పొయ్యడానికి. సాక్ష్యం చెప్పినవాళ్ళకి ఆపాటి రుణమైనా తీర్చాలి కదా! నేను రెండేళ్ళుగా సాక్ష్యం వింటూ కాఫీ కలుపుకుంటున్నాను.

ఇప్పుడు ఆవిడ రాకముందే మా గుమ్మం బారునా నీళ్ళు చల్లుతున్నాను, కాస్త దుమ్ము అణుగుతుందని. ముక్కుకి కట్టుకునే మాస్కులు తెప్పించి ఇచ్చాను. ఎల్లుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంతమాత్రాన గాలి బాగుపడుతుందని కాదు లెండి.

మీ వీధిలో తెల్లవారుజామున ఎవరు దగ్గుతున్నారో, రేపోసారి గేటుదాకా వెళ్ళి చూడండి.