రానివాళ్ళ లెక్క

సిరిసిల్లలో ఒక సాహిత్య సంస్థ నెలనెలా కవి సమ్మేళనం పెట్టేది. జగిత్యాల నుంచి బస్సెక్కి చాలా ఏళ్ళు వెళ్ళాను. మొదట్లో మేం నలుగురం ఆడవాళ్ళం. ఒకసారి, పెళ్ళిలో ఇష్టం లేని పడక గురించి కవిత చదివాను. ఆ రాత్రి నుంచే ఫోన్లు. కవిత ఊసే లేదు. నా మొగుడి గురించీ, నా ఒంటి గురించీ మాటలు. గొంతు గుర్తుపట్టాను. ముందు వరసలో కూర్చుని "బాగుంది మేడం" అన్న గొంతే.

సంస్థ పెద్దలకు చెప్పాను. చెడ్డవాళ్ళు కాదు వాళ్ళు. నా పుస్తకానికి ముందుమాట రాసినవాళ్ళు. "పట్టించుకోకు చెల్లె. ఫోన్ ఎత్తకు. లొల్లి చేస్తే సంస్థ పేరు పోతది" అన్నారు. అతన్ని వెలివేయమని నేను అడగలేదు. పిలిచి అడగమన్నాను, అంతే. అదీ జరగలేదు. తర్వాతి నెల ఆహ్వానంలో అతని పేరూ ఉంది, నా పేరూ ఉంది. ఇద్దరినీ సమానంగా చూశామని వాళ్ళ నమ్మకం.

ఇది సమానం ఎలా అవుతుంది? ఫోన్ ఎత్తకపోవడం, నంబరు మార్చుకోవడం, ఏ కవిత చదవచ్చో చూసుకోవడం, చివరికి వెళ్ళడమే మానుకోవడం, ఈ పనులన్నీ నావే. అతను మార్చుకోవలసింది ఒక్కటీ లేదు. సంస్థలో శాంతి నిలిచింది నిజమే. దాని ఖర్చు నేను కట్టాను.

రాసిన ఆడదాన్ని ఇలా తూకం వేయడం పాత అలవాటే. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికా సాంత్వనా'న్ని పూర్తిగా అచ్చువేయించింది. శృంగారం రాసిన మగకవుల కులం, నడత ఎవరూ అడగలేదు. ఇక్కడ మాత్రం రాసినామె, అచ్చువేసినామె ఇద్దరూ వేశ్యలన్నదే పెద్ద విమర్శ అయింది. సిగ్గు ఆడవాళ్ళకేనా అని నాగరత్నమ్మ నిలదీసింది. పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగింది 1947లో.

ఇప్పుడు చట్టం ఉంది కదా అంటారు. 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. పదిమంది పనిచేసే చోట కమిటీ ఉండాలి, అంతకు తక్కువైతే జిల్లా కమిటీకి చెప్పుకోవచ్చు. జీతాల్లేని కవుల సభలో ఆ ఊసెత్తితే నవ్వుతారు. పోలీసు స్టేషన్ దారీ ఉంది. కానీ నేరం తేల్చడం వాళ్ళ పని. నా పక్కన ఎవరు కూర్చుంటారన్నది మాత్రం సంస్థ తేల్చుకోవాల్సిందే.

కోరుట్లలో మా పెద్దమ్మ బీడీలు చేసేది. సాయంత్రం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పేటప్పుడు లెక్క చూసే గుమాస్తా ఒక పిల్ల చెయ్యి పట్టుకునేవాడట. "నువ్వు రాకు, నీ బీడీలు మేం ఇస్తం" అని ఆ పిల్లతో ఎవరూ అనలేదు. ఆరుగురు కట్టలు ముందర పెట్టుకుని, వాడుంటే బీడీలు ఇయ్యమని కూర్చున్నారు. ఆ రోజు కూలి ఆరుగురికీ పోయింది. మర్నాడు సేటు ఇంకొకర్ని కూర్చోబెట్టాడు.

వాళ్ళు ఏ పుస్తకమూ చదవలేదు. ఒక్కతె నష్టాన్ని ఆరుగురూ పంచుకున్నారు. నలుగురు కలిసి ఒకచోట ఉన్నంత మాత్రాన అది సమూహం కాదని నాకు అర్థమైంది వాళ్ళ వల్లే.

ఇది రాస్తూ నా లెక్క కూడా చూసుకోవాలి. మా నలుగురిలో ఒకామె నాకంటే రెండేళ్ళ ముందే రావడం మానేసింది. ఇంటి పనులేమో అనుకున్నాను. ఒక్కసారి ఫోన్ చేసి అడగలేదు. నా పేరు ఆహ్వానంలో ఉంది కదా, అది చాలనుకున్నాను. ఆ గొంతు ఆమెకూ తెలుసేమో.

ఈ మధ్య ఆడవాళ్ళు సభలకు వస్తలేరని ఆ పెద్దలు బాధపడుతున్నారట. వచ్చినవాళ్ళ పేర్లు రిజిస్టర్లో ఉంటాయి. రానివాళ్ళ పేర్లు రాసే పేజీ ఒకటి ఉండాలి. నేనైతే ఆమె నంబరు వెతుకుతున్నాను.