జిప్పు వేసుకునే ముందు

అమ్మలూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు మేడ మీద మీ అమ్మమ్మ పాత బొంత పరిచి నీ పారాచూట్ రిగ్ అంతా విప్పి చూపించావు. ఆ రోజే నీతో ఒక మాట అనవలసింది. ఇంటినిండా చుట్టాలు, కింద అరిసెల పాకం హడావిడి, అనలేకపోయాను. మొన్న అమెరికా నుంచి ఫోన్లో 212వ జంప్ అయిందనీ, వింగ్‌సూట్‌కి కొలతలు పంపాననీ చెబుతుంటే నీ గొంతులో పొంగు విన్నాను. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

మానెయ్యమని చెప్పడానికి కాదు తల్లీ ఈ ఉత్తరం. ఆ మాట చెప్పడానికి మీ అమ్మ ఉంది. మన మాధవరం ఇంటికొక సిపాయిని ఇచ్చిన ఊరు. అయినా నేను ఆగ్రా పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో ఐదు జంపులు పూర్తిచేసి రెక్కల బ్యాడ్జితో ఇంటికొస్తే మా నాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. తుపాకీ పట్టుకోవడం ఆయనకు అర్థమయ్యేది, విమానంలోంచి దూకడం అర్థం కాలేదు. తలుపు అంచున నిలబడినప్పుడు కడుపులో కదిలేది ఏమిటో నాకు తెలుసు. తెలిసినవాడిగానే చెబుతున్నాను, విను.

ఆ రోజు రిగ్ చూపించాక నీ స్నేహితురాలి దగ్గర తెచ్చిన వింగ్‌సూట్ వేసుకుని చేతులు చాపి నిలబడ్డావు. చంకల కిందా, కాళ్ల మధ్యా గుడ్డ గబ్బిలం రెక్కలా సాగింది. పిల్లలంతా కేకలు పెట్టారు. నేను నీ తొడల వైపే చూస్తున్నాను. కాలి పట్టీలు కనిపించలేదు. సూట్ వాటిని పూర్తిగా కప్పేసింది. బిగించుకున్నావో లేదో చూసేవాడికి తెలిసే దారే లేదు. మామూలు డ్రెస్సులో అయితే ఒక పట్టీ వేలాడుతుంటే పక్కవాడు ఠక్కున పట్టేస్తాడు. ఇందులో నువ్వే మర్చిపోతే లోకమంతా మర్చిపోయినట్టే. పట్టీలు లేకుండా పారాచూట్ తెరుచుకుంటే ఆ కుదుపుకి మనిషి రిగ్‌లోంచి జారిపోతాడు. పైన గొడుగు చక్కగా విచ్చుకుని ఉంటుంది, కింద మనిషి ఉండడు. ఇంత చేదుగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు.

ఆగ్రాలో మేం దూకింది మల్పురా మైదానం మీద, 1,250 అడుగుల ఎత్తు నుంచి. మా పారాచూట్‌కి కట్టిన పట్టీ కొక్కెం విమానంలోని తీగకు తగిలించి ఉండేది. మనిషి దూకితే అదే లాగి తెరిచేది. మేం చెయ్యాల్సింది చాలా తక్కువ. అయినా దూకమనే దీపం వెలగకముందే అందరం లేచి నిలబడి, వెనకవాడు ముందువాడి సామానంతా తడిమి చూసి, భుజం తట్టి ‘ఓకే’ అని అరవాలి. ఆ అరుపు వరుస చివరి నుంచి తలుపు దాకా వచ్చేది. నా మూడో జంప్ రోజున నా వెనక ఒక జాట్ కుర్రాడు. భుజం తట్టడం లేదేమిటా అని తల తిప్పబోయాను. వంగి నా ఎడమ కాలి పట్టీ పట్టుకుని గుంజుతున్నాడు. బకిల్‌లో సగమే దిగి ఉంది. వాడే అదిమాడు, టక్కుమంది. అప్పుడు తట్టాడు భుజం. వేసుకున్నది నేనే, నేల మీద చూసుకున్నదీ నేనే. అయినా అలా జరిగింది.

కనుక జిప్పు పైకి లాగకముందు రెండు కాలి పట్టీల కిందా బొటనవేలు దూర్చి, ‘ఎడమ, కుడి, ఛాతీ’ అని పైకి వినబడేలా అను. మనసులో అనుకోవడం చాలదు. మనసు నిన్నటి మాటను ఇవాళ్టిదిగా చెప్పేస్తుంది. విమానంలో లేచి నిలబడ్డాక భుజాలు ఒకసారి పైకి ఎగరెయ్యి. తొడల దగ్గర బిగువు తగలాలి. తగలకపోతే కూర్చుండిపో, విమానంతోపాటే దిగిరా. డబ్బులు పోతే పోయాయి, తాతయ్య పంపిస్తాడు.

ఆ సూట్ కప్పేది పట్టీల్ని ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. నువ్వు పడుతున్న వేగాన్ని కూడా అది కప్పేస్తుంది. బోర్లా పడే మనిషి గంటకు 190 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కిందికొస్తాడు. రెక్కల్లోకి గాలి నిండాక ఆ వేగం సగానికంటే తగ్గుతుంది, ఒక మీటరు దిగేలోగా రెండు మీటర్లకు పైగా ముందుకు సాగుతావు. 13,000 అడుగుల నుంచి నిమిషంలో అయిపోయేది రెండు నిమిషాలు దాటుతుంది. పడుతున్నానన్న భావమే పోతుందని నువ్వే చెప్పావు. నాకు భయం వేసింది ఆ మాట దగ్గరే.

నీ రిగ్‌లో ఉన్న ఆ చిన్న పెట్టె సంగతి తీసుకో. సైప్రెస్ అంటారు దాన్ని, 1991లో జర్మనీ నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఎందరికో మళ్లీ పుట్టుక ఇచ్చింది. మామూలు రకం అయితే దాదాపు 750 అడుగుల ఎత్తులో ఇంకా సెకనుకు 35 మీటర్ల వేగంతో పడుతున్నావని తెలిస్తేనే రెండో పారాచూట్‌ని, అదే రిజర్వ్‌ని, కట్టి ఉంచిన దారాన్ని కోసేస్తుంది. 35 మీటర్లంటే గంటకు 126 కిలోమీటర్లు. రెక్కలు చాచి నువ్వు పడేది అంతకంటే నెమ్మదిగా. నీకు స్పృహ తప్పినా, ఎత్తు మర్చిపోయినా, పారాచూట్ కిందే ఉన్నావనుకుని ఆ పెట్టె నోరు మెదపకపోవచ్చు. వింగ్‌సూట్ కోసమని వేరుగా చేసినవీ ఉన్నాయి, కనుక్కుని అదే పెట్టించు. పెట్టించాక కూడా అది లేదనుకునే దూకు. తెరిచే ఎత్తు నేల మీదే నిర్ణయించుకో, మొదటి రోజుల్లో 5,000 అడుగుల పైనే. గాలిలోకి వెళ్లాక దాన్ని మార్చుకోకు. ‘ఇంకొక్క క్షణం’ అని అక్కడ ఎవరికైనా అనిపిస్తుంది. ఆల్టిమీటర్ ఎందుకు చూసుకోవాలో అప్పటికి గుర్తుండదు.

దూకడమూ మారుతుంది. తలుపు దాటగానే రెక్కలు విప్పితే గాలి నిన్ను పైకి ఎత్తేస్తుంది, వెనకే విమానం తోక ఉంటుంది. 1956 మే 21న లివర్‌పూల్ ప్రదర్శనలో లియో వలాంతాఁ అనే ఫ్రెంచి వీరుడు చెక్క రెక్కలతో దూకబోతుంటే రెక్క విమానానికి తగిలి విరిగింది. అప్పటికి ఆయన చాలా ఏళ్లుగా రెక్కలతో ఎగురుతున్నవాడు. నీ రెక్క గుడ్డదే కావచ్చు, తోక మాత్రం లోహమే. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, విమానం వదిలేసి పోయిందని చూసుకున్నాకే చేతులు చాపు.

పారాచూట్ తెరవడం గురించి కాస్త ఎక్కువసేపు చెప్పాలి. వింగ్‌సూట్ వెనక గాలి గజిబిజిగా సుడి తిరుగుతుంది, మామూలు మనిషి వెనక కంటే వెడల్పుగా. పారాచూట్‌ని బయటికి లాగే చిన్న పైలట్ చూట్ ఆ సుడిలో చిక్కితే అక్కడే ఊగుతుంది, లాగదు. అందుకే ఈ సూట్‌కి పెద్ద పైలట్ చూట్, పొడుగు తాడు వాడతారు. ఇప్పుడున్నదే సరిపోతుందిలే అనుకోకు, నీకు నేర్పే గురువుకి చూపించు. దాన్ని అందుకోవడానికి చెయ్యి వెనక్కి పోయేటప్పుడు రెండు చేతులూ ఒక్కసారే పోవాలి, కాళ్ల రెక్క మూసుకోవాలి. ఒక్క కుడి చెయ్యే పోతే నువ్వు ఒక పక్కకి వంగుతావు, తాళ్లు పురి తిరుగుతాయి. పురి తిరిగిన తాళ్ల కింద నీ చేతులు ఇంకా రెక్కల్లోనే ఉంటాయి, అది గుర్తుంచుకో. మొదట తల ఎత్తి తెరుచుకున్న కెనపీ చూడు. బాగుంటే జిప్పులు విప్పు, చేతులు విడిపించుకో, తర్వాత పారాచూట్‌ని తిప్పే టాగిల్స్ అందుకో. బాగాలేకపోతే జిప్పుల జోలికే పోకు, కుడి హ్యాండిల్, ఎడమ హ్యాండిల్. కుడిది మెయిన్ పారాచూట్‌ని వదిలిస్తుంది, ఎడమది రిజర్వ్‌ని తెరుస్తుంది. సూట్ వేసుకుని, జిప్పులు బిగించి, ఇంట్లో నేల మీద పడుకుని ఈ రెండూ అందుకోవడం రోజూ పది సార్లు చెయ్యి. కళ్లు మూసుకుని కూడా చెయ్యి. రూమ్మేట్ వింతగా చూస్తే చూడనీ.

భుజాల దగ్గర ఒకదానిలో ఒకటి దూరిన మూడు రింగులు ఉన్నాయే, వాటిని నాకు చూపించినప్పుడు నేను చాలాసేపు చేతిలోంచి వదల్లేదు. మా కాలంలో లేవవి. బిల్ బూత్ చేసిన పని అది. పెద్ద రింగు మీది బరువు మధ్యదానికి, దాని మీది బరువు చిన్నదానికి వచ్చేసరికి తగ్గి తగ్గి, చివరికి ఒక చిన్న గుడ్డ మెలిక ఆపగలిగేంత అవుతుంది. అంత బరువునీ చేతి లాగుడుతో వదిలించుకోవచ్చు. కానీ ఆ రింగులు ఉన్న పట్టీ నెలల తరబడి ఒకే వంపులో ఉంటే గట్టిపడిపోతుంది. నెలకొకసారి విడదీసి, నలిపి, మళ్లీ కూర్చు. మెలికలో దూరే కేబుల్ తుడువు.

గాలిలో గుండ్రంగా తిరగడం మొదలైతే దానితో కుస్తీ పట్టకు. రెక్కలు ముడుచుకో, మోకాళ్లు పొట్టలోకి లాక్కో, బంతిలా అయిపో. తిరగడం తగ్గాక మళ్లీ తెరుచుకో. తగ్గకుండా ఎత్తు అయిపోతుంటే ఇక ఎగరడం గురించి ఆలోచించకు.

ఈ సూట్‌కి ఇప్పటి రూపం ఇచ్చినవాడు పట్రిక్ ద గేయర్దోఁ. 1990ల మధ్యలో ఆయన ఎగురుతుంటే లోకం నోరు తెరుచుకుని చూసింది. 1998 ఏప్రిల్ 13న హవాయిలో పోయాడు. రెక్క చెడి కాదు. గాలి ఇంకా నున్నగా జారాలని వీపు మీది సంచికి తానే ఒక మార్పు చేసుకున్నాడు, అందులో పారాచూట్ చిక్కుకుంది. అంతటి చెయ్యి తిరిగినవాడు. ఆ మరుసటి ఏడే ఫిన్లాండ్ మనిషి యారి క్వోస్మా, క్రొయేషియా మనిషి రోబర్ట్ పెచ్నిక్ కలిసి బర్డ్‌మ్యాన్ పేరుతో కొనుక్కునేవాళ్లకి సూట్లు కుట్టడం మొదలుపెట్టారు. నీకు కుట్టుపని బాగా వచ్చు, నాకు తెలుసు, మీ అమ్మమ్మే నేర్పింది. అయినా రిగ్ మీద సూది పెట్టకు. ఒక్క కుట్టు కూడా. సర్టిఫికెట్ ఉన్న రిగ్గర్ దగ్గరికి తీసుకెళ్లు.

మన ఊళ్లో కల్లుగీసే పెద్దాయన నీకు గుర్తుండకపోవచ్చు. చెట్టెక్కే ముందు మోకు అంతా చేత్తో నిమిరేవాడు, పోగు పోగూ చూసేవాడు. రోజుకి ఇరవై చెట్లెక్కితే ఇరవై సార్లూ చూసేవాడు. ఆ మోకు ఎవరికీ ఎరువు ఇచ్చేవాడు కాదు, ఇంకొకరిది తీసుకునేవాడు కాదు. స్నేహితురాలి సూట్ వేసుకుని మొదటిసారి ఎగిరెయ్యాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే తీసెయ్యి. సూట్ నీ ఒంటికి, నీ అనుభవానికి సరిపోవాలి. కొత్తవాళ్లకి చిన్న రెక్కలవే మంచివి. పెద్ద రెక్కలు ఎక్కువసేపు ఎగరనిస్తాయి, తప్పు చేస్తే అంత పెద్దగానూ తిప్పుతాయి.

మెయిన్ కెనపీ నువ్వే మడుచుకో. ఆ రోజు నువ్వు సెల్స్ ఒకదాని మీద ఒకటి సర్దుతుంటే మీ అమ్మమ్మ చీర కుచ్చిళ్లు పోసినట్టే ఉందని నేను అన్నాను, నువ్వు నవ్వావు. నేను నవ్వించడానికి అనలేదమ్మా. కుచ్చిళ్లు పోసేటప్పుడు మీ అమ్మమ్మతో ఎవరూ మాట్లాడకూడదు. నీతోనూ ఎవరూ మాట్లాడకూడదు. మధ్యలో ఫోన్ మోగి లేచావంటే, తిరిగొచ్చాక మొదట్నుంచీ మళ్లీ మడత పెట్టు.

అమెరికా పారాచూట్ సంఘం 200 జంపులు ఉంటేనే వింగ్‌సూట్ వేసుకోనిస్తుంది. నీకు 212 ఉన్నాయి. వాటిలో ఈ మూడు నెలల్లో చేసినవి ఎన్ని? చలికాలమంతా ఖాళీగా ఉండి వసంతం రాగానే కొత్త సూట్‌లోకి దూరకు. ముందు పాత డ్రెస్సులోనే పదో పదిహేనో చెయ్యి. రెండు చేతులూ ఒకేసారి వెనక్కి పోయే అలవాటు అక్కడే పట్టించుకో.

కొండ అంచుల పక్కన రాసుకుంటూ పోయే వీడియోలు నువ్వు చూస్తావు, నాకూ పంపించావు ఒకటి. అది వేరే పని. కొండ మీంచి దూకేవాడికి రిజర్వ్ ఉండదు. 2015 మేలో యోసెమిటీలో డీన్ పాటర్, ఆయన స్నేహితుడు ఒకే రోజు పోయారు. పాటర్‌కి ఆ కొండలు ఇంటి గుమ్మాల్లాంటివి. దాని గురించి నేను ఎక్కువ రాయను. ఆ పని చెయ్యనని నాకు మాట ఇవ్వు, చాలు.

ఇంకొకటి. బాగా తెరుచుకున్న పారాచూట్ కింద, నేలకు దగ్గర్లో, ఒక్క పదునైన మలుపు వల్ల పోయినవాళ్లు చాలామంది. రెండు నిమిషాలు పక్షిలా ఎగిరి అలసిన చేతులు, ఆనందంలో ఉన్న మనసు, కాళ్ల దగ్గర ఇంకా వేలాడే గుడ్డ. దిగేటప్పుడు గాలికి ఎదురుగా, సూటిగా, నిదానంగా రా. అనుకున్న చోట దిగకపోతే దూరంగా దిగి నడిచిరా. మల్పురాలో నేను ఒకసారి జొన్న చేలో దిగి రెండు మైళ్లు నడిచాను, రైతు మజ్జిగ ఇచ్చాడు.

మొదటి రోజు వెళ్లే ముందు ఫోన్ చెయ్యి. అక్కడి పొద్దు ఇక్కడ రాత్రి అవుతుంది, నేను మేలుకునే ఉంటాను. సూట్ వేసుకుని, జిప్పు లాగకముందు, కాలి పట్టీల కింద బొటనవేలు పెట్టి అను. నేను ఈ చివర నుంచి ‘ఓకే’ అంటాను. వచ్చే సంక్రాంతికి రిగ్ తీసుకురా. రిజర్వ్‌కి 180 రోజుల గడువు ఎప్పుడు తీరుతుందో కార్డు మీద చూడాలి నేను. బొంత ఉతికించి ఉంచుతాను.

మీ తాతయ్య