గమకం లేని స్వరం

అంతరిక్షంలో గాలి లేదు కనుక మన చెవికి అందే శబ్దమూ లేదు. అయినా ఏళ్ల తరబడి నేను అంతరిక్షం పేరు మీదే బాణీలు కడుతున్నాను. ఇంతకీ ఎవరి ఆకాశాన్ని వాయిస్తున్నాను?

నా చెవిలో నాటుకున్న ఆకాశం పాత హాలీవుడ్ సినిమాలది. 1951లో ‘ది డే ది ఎర్త్ స్టూడ్ స్టిల్’ కోసం బెర్నార్డ్ హెర్మన్ రెండు థెరమిన్లు వాడాడు. వాద్యాన్ని తాకకుండా, యాంటెనాల దగ్గర గాలిలో చేతులు కదిపి పలికించే ధ్వని అది. 1956లో ‘ఫర్బిడెన్ ప్లానెట్’కు లూయీ, బీబీ బ్యారన్ దంపతులు స్వయంగా సర్క్యూట్లు కట్టి, అవి కాలిపోయేదాకా పలికించి, ఆ ధ్వనుల్ని టేపుకెక్కించారు. కాలిపోయిన సర్క్యూట్ గొంతు మళ్లీ రాదు. ఆ తెగువంటే నాకు ఇప్పటికీ భక్తి.

నా బాణీల్లోనూ పరాయి గ్రహం రాగానే థెరమిన్‌లా స్వరం జారేది, వణికేది. కానీ మనసు విప్పి చెప్పుకుంటే, ఆ జారుడు నన్నెన్నడూ భయపెట్టలేదు. పియానో మెట్లకు అలవాటు పడిన చెవికి మెట్ల మధ్య జారే స్వరం వింత. నేను పెరిగింది గమకాల మధ్య. గాంధారం ఊగకపోతే తోడి రాగం తోడిలా ఉండదు. థెరమిన్ వింటే నాకు వీణ మీద తీగను పక్కకు లాగే వేలు గుర్తొస్తుంది. వాళ్లకు వేరే లోకమైనది నాకు సొంత ఇల్లు.

మరి నాకు పరాయిదేది? ఎలక్ట్రానిక్ ఆసిలేటర్ పలికే కదలని స్వరం. తంబూరా షడ్జమూ నిలకడైనదే, కానీ అందులో మీటిన వేలుంది. తీగ మోగి, సన్నగిల్లి, మళ్లీ మీటమంటుంది. ఆసిలేటర్‌కు ఊపిరి పీల్చుకునే అవసరం లేదు. ఆపేదాకా అలాగే సాగుతుంది. అందులో మనిషి జాడ లేదు. నేను నిజంగా జంకేది ఆ లేమికే. గ్రహాంతరవాసి వచ్చినా తోడు దొరికినట్టే కదా.

1977లో బయలుదేరి, ఇప్పుడు నక్షత్రాల మధ్య సాగిపోతున్న వాయేజర్ నౌకల బంగారు రికార్డుల్లో తెలుగు పలకరింపు ఉంది, కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి ఉంది. స్వరం నుంచి స్వరానికి జారే ఆ గొంతు మనుషులున్నారన్న సాక్ష్యంగా వెళుతోంది. నాకు దారి చూపింది ఆ పాటే. ఇప్పుడు కడుతున్న బాణీలో శూన్యానికి కదలని స్వరమిచ్చాను, అందులో ప్రయాణించే మనిషికి గమకమిచ్చాను. పాత సినిమాల లెక్క తిరగబడింది.

ఆ సినిమాల మీద ప్రేమ మాత్రం ఇంకా పెరిగింది. బ్యారన్ దంపతులు తమ చెవికి కొత్తదాన్ని తమ చేతులతో కట్టి తెచ్చుకున్నారు. వాళ్ల దారిన నడవాలంటే నన్ను కలవరపెట్టే ధ్వనిని నేనే వెతుక్కోవాలి. నేను జంకే చోటే నా సంగీతానికి మొదలు.