అతిథా, కూలివాడా?

రాజాం నుంచి గల్ఫ్‌కు బయల్దేరిన వెల్డరు శంషాబాద్‌లో విమానం ఎక్కుతాడనుకుందాం. 2008లో మొదలైన ఆ విమానాశ్రయాన్ని కట్టి నడుపుతున్నది, ఆ రాజాంలోనే పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన సంస్థ. ఒక ఊరివాడు విమానాశ్రయం కట్టాడు, అదే ఊరివాడు ఇంకొకడు అప్పు చేసి టికెట్టు కొన్నాడు. లోకం తీరే అంత. అయితే ఈ రెండోవాడు దుబాయిలోనో దమ్మాంలోనో దిగాక అక్కడి సమాజానికి ఏమవుతాడు? అతిథా, కూలివాడా? ఇది కార్మిక శాఖ ఒక్కటే తేల్చే ప్రశ్న కాదు. హిందూ, ఇస్లాం మతాలు రెండూ దీని గురించి ఎప్పుడో ఆలోచించాయి.

సముద్రం దాటడమే పాపమన్న రోజులున్నాయి. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని మనిషిని పతితుణ్ని చేసే పనుల జాబితాలో చేర్చింది. ఉత్తరాంధ్ర పేదలు ఆ జాబితాను ఏనాడూ లెక్కచేసినట్టు లేదు. ‘రంగం పోవడం’ (రంగం అంటే రంగూనే) అంటూ బర్మా ఓడలెక్కారు, రంగూన్ రేవులో మూటలు మోశారు, రిక్షాలు లాగారు. 1942లో జపాన్ సేనలు వచ్చిపడితే వేలమంది కాలినడకన తిరిగొచ్చారు. 1973లో చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టుబడి పనులు ఊపందుకున్నాక దిక్కు మారిందంతే. సోంపేట, ఇచ్ఛాపురం, ఉద్దానం పల్లెల నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు వెళ్తూనే ఉన్నారు.

వెళ్లేది ఎలాంటి నాగరికతలోకి? 762లో ఖలీఫా అల్ మన్సూర్ బాగ్దాద్ నగరానికి పునాది వేశాడు. మరో పదేళ్లకు అటూఇటూగా భారతదేశపు ఖగోళ సిద్ధాంతం ఒకటి ఆయన కొలువుకు చేరి అరబీలోకి వెళ్లింది. తర్వాతి శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ మన అంకెలతో లెక్కలు కట్టే పద్ధతి మీద పుస్తకం రాశాడు. సున్నాతో సహా ఆ పది అంకెలు యూరప్‌కు ఆ దారినే చేరాయి, అందుకే అక్కడివాళ్లు వాటిని అరబ్బు అంకెలన్నారు. బీజగణితం మీద ఆయన రాసిన గ్రంథం వేరే. గ్రీకు వైద్యుడు గాలెన్‌ను అరబీలోకి తెచ్చిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ క్రైస్తవుడు. పంచతంత్రాన్ని పహ్లవీ నుంచి అరబీలోకి దించిన ఇబ్న్ అల్ ముకఫ్ఫా పారశీకుడు. ఆ మాటకొస్తే ఖ్వారిజ్మీదీ అరబ్బుల గడ్డ కాదు, ఆయన పేరులో ఉన్నది మధ్య ఆసియాలోని ఖ్వారిజం. అరబ్బుల గొప్పతనంగా ప్రపంచం చదువుకునే దాంట్లో సగం పైవాళ్లు పెట్టిన పెట్టుబడి. ఆ పైవాళ్లను పిలిచి, కూర్చోబెట్టి, పోషించడమే అరబ్బుల అసలు గొప్పతనం. హునైన్ అనువాదాలకు వాటి తూకానికి సరిపడా బంగారం ఇచ్చేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. కథే కావచ్చు, కానీ పైవాడి పనికి ఎంత విలువ కట్టాలని ఆ సమాజం అనుకున్నదో అది చెబుతుంది. సత్యం ఏ జాతివాడి నోట వచ్చినా స్వీకరించడానికి సిగ్గుపడనక్కర్లేదని తొమ్మిదో శతాబ్దపు తత్త్వవేత్త అల్ కిందీ వాదించాడు.

ఇప్పుడూ ఆ గడ్డను కడుతున్నది పైవాళ్లే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జనాభాలో పదిమందిలో తొమ్మిదిమంది దాకా విదేశీయులు. దేవుడి విషయంలో చాలా గల్ఫ్ దేశాలు కొంత చోటిచ్చాయి. బర్ దుబాయిలో 1958లోనే గుడి వెలిసింది. 2024 ఫిబ్రవరి 14న అబూధాబీలో పెద్ద రాతి మందిరమే తెరుచుకుంది. రంజాన్ మాసంలో మసీదుల దగ్గర ఇఫ్తార్ పంక్తిలో కూర్చున్నవాణ్ని మతమేమిటని అడగరు. సౌదీలో మాత్రం అన్యమతస్థులు బహిరంగంగా పూజించుకునే వీల్లేదు, రాజాంవాళ్లు కొలిచే పోలిపల్లి పైడితల్లి అమ్మవారి పటం అక్కడ గది లోపలే. ఈ సర్దుబాటు ఉత్తరాంధ్రకు కొత్త కాదు. విశాఖ రేవు ముందు మూడు కొండల మీద వేంకటేశ్వరుడి గుడి, ఇషాక్ మదీనా దర్గా, మేరీమాత చర్చి ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఒకప్పుడు రేవులోకి వచ్చిపోయే ఓడలు ఆ దర్గాకు జెండా దించి ఎత్తి వందనం చేసేవని నూరేళ్ల కిందటి జిల్లా గెజిటీర్ రాసింది.

గుడి కట్టుకోనివ్వడం పెద్ద మనసే. కానీ పైవాడిపట్ల ధర్మాన్ని కొలవాల్సింది గుడితో కాదు, జీతంతో.

చెమట ఆరకముందే కూలి ఇచ్చెయ్యమన్నది ప్రవక్త బోధగా ప్రతి ముస్లింకూ తెలిసిన మాట. మనువు లెక్కపెట్టిన పద్దెనిమిది వ్యవహారపదాల్లో జీతం ఎగ్గొట్టడం ఒకటి. ఈ ఒక్క విషయంలో రెండు శాస్త్రాల మధ్యా వాదమే లేదు. ఇస్లామీ న్యాయంలో కఫాలా అంటే ఒకరి బాధ్యతకు మరొకరు పూచీ పడటం. దిక్కులేనివాడి కోసం నిలబడటం అందులోని నీతి. ఇరవయ్యో శతాబ్దంలో అది వీసా చట్టమైంది. కఫీలు, అంటే పూచీ పడ్డ యజమాని, చేతిలో పాస్‌పోర్టు; అకామా అనే నివాస అనుమతి గడువు దాటితే కూలివాడు ‘ఖల్లివెల్లి’, అంటే చట్టం లెక్కలో లేనివాడు. పూచీ పడాల్సినవాడే కాపలాదారు అయ్యాడు. ఎమిరేట్స్ 2009లో జీతాలు బ్యాంకు ద్వారానే చెల్లించే ఏర్పాటు తెచ్చింది. ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే హక్కు ఇచ్చింది. ఇవి మంచి అడుగులే, చాలవు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి దాదాపు 50 మంది పోయారు. వారిలో ఎక్కువమంది భారతీయులు, శ్రీకాకుళం జిల్లా మనిషీ ఉన్నాడు. మనుషుల్ని ఒక భవనంలో కుక్కడానికి ఏ మతమూ అనుమతి ఇవ్వలేదు.

అరబ్బు దొరను తిట్టడం తేలిక. మన వీధిలోని ఏజెంటు మాటేమిటి? రిగ్గర్ పని అని చెప్పి ఒంటెల దగ్గరకు పంపేవాడూ, విజిట్ వీసాను వర్క్ వీసా అని నమ్మించేవాడూ తెలుగువాడే, ఏటా అమ్మవారి జాతరకు చందా రాసేవాడే. కఫీలు ధర్మం తప్పాడని అడిగే నోటితోనే వీడినీ అడగాలి. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు చట్టప్రకారం తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీ. అంతకు పైసా ఎక్కువ అడిగితే లైసెన్సు నంబరు అడగండి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో అది ఉందో లేదో చూడండి, రసీదు లేకుండా డబ్బు ఇవ్వకండి.